అక్రోధం, క్షమ: బేలూరు మఠ చరిత్రలో రెండు స్వభావాలు

భగవద్గీత 16వ అధ్యాయం దైవీసంపదను వర్ణిస్తూ రెండవ శ్లోకంలో అక్రోధాన్ని, మూడవ శ్లోకంలో క్షమను వేర్వేరుగా పేర్కొంటుంది. కోపం లేకపోవడమూ ఓర్చుకోవడమూ ఒకటే కదా, రెండు మాటలెందుకు అన్న సందేహం సహజం. శంకర భగవత్పాదులు తమ భాష్యంలో ఈ సందేహాన్ని ముందుగానే గుర్తించి సమాధానమిచ్చారు. ఇతరులు తిట్టినా కొట్టినా లోపల వికారమే పుట్టకపోవడం క్షమ. పుట్టిన వికారాన్ని శమింపజేయడం అక్రోధం. అంటే అక్రోధి అనే పేరు కోపమెరుగని వానికి కాక, కోపం వచ్చి దానిని దాటినవానికి చెల్లుతుంది. ఈ భేదం చిన్నదిగా కనిపించినా, నిత్యం పదిమందితో కలిసి పనిచేయవలసినవారికి ఇందులో గొప్ప ఊరట ఉంది. కోపం వచ్చినంత మాత్రాన దైవీసంపద చేజారిపోయినట్లు కాదని ఆచార్యులవారే అంటున్నారు.

ఇంకొక విశేషం. మూడవ శ్లోకంలో క్షమకు సరిగ్గా ముందున్న పదం తేజస్సు. అది చర్మకాంతి కాదు, ప్రాగల్భ్యం అని భాష్యం. తేజస్సూ క్షమా పక్కపక్కనే నిలవగలవని గీత సూచిస్తుండగా, లోకంలో మాత్రం అవి ఒకే మనిషిలో అరుదుగా కనిపిస్తాయి. ఒక్కొక్కప్పుడు అవి ఇద్దరు మనుష్యులుగా విడివడి, ఒకే సంస్థలో పక్కపక్క గదులలో నివసిస్తాయి. రామకృష్ణ సంఘపు తొలి ముప్పై సంవత్సరాల చరిత్ర అటువంటిది.

1897 మే 1వ తేదీన కలకత్తా బాగ్‌బజారులో బలరామ బసు గృహంలో స్వామి వివేకానందులు సన్న్యాసులను, గృహస్థ భక్తులను సమావేశపరచి రామకృష్ణ మిషన్‌కు అంకురార్పణ చేశారు. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరాలు. పాశ్చాత్య దేశాలలో సుమారు నాలుగేళ్ళు గడిపి, వ్యవస్థ అంటే ఏమిటో, క్రమశిక్షణ అంటే ఏమిటో కళ్ళారా చూచి వచ్చినవాడు. మధుమేహం శరీరాన్ని తినివేస్తోంది. కాలం తక్కువగా ఉందని ఆయనకు తెలుసు. ఆయన సోదరశిష్యులు వేరొక లోకంలో జీవిస్తున్నవారు. గురుదేవుని మహాసమాధి తరువాత వరాహనగరపు పాడుబడిన ఇంట్లో ఆకలిని కూడా లెక్కచేయక జపధ్యానాలలో మునిగినవారు, హిమాలయాలలో ఏకాంతంగా తిరిగినవారు. చందాలు, నివేదికలు, సమావేశపు తీర్మానాలు, జమాఖర్చులు వారికి పరభాష. సన్న్యాసికి లెక్కల పుస్తకం ఎందుకన్నది వారి ప్రశ్న. లెక్కల పుస్తకం లేని సేవ ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది ఆయన ప్రశ్న. రెండూ న్యాయమైన ప్రశ్నలే.

ఆ సమావేశం ముగిసిన తరువాత యోగానందస్వామి తన సంశయాన్ని నేరుగానే వెలిబుచ్చారు. ఈ పద్ధతులు విదేశీయమైనవి కావా, గురుదేవులు ఉపదేశించినది ఇదేనా అని అడిగారు. వివేకానందులు ఆ రోజు ఓర్పుతోనే సమాధానమిచ్చారు. కానీ ఇటువంటి ప్రశ్న ఒక్కసారితో ఆగలేదు. మరొకనాడు అదే ఇంట్లో అదే ఆక్షేపణ వేరొక సోదరశిష్యుని నోట పరిహాసంగా వచ్చినప్పుడు ఆయన నిగ్రహం తెగిపోయింది. మీ భక్తి మనిషిని నిర్వీర్యుని చేసే భావోద్రేకమని, తమోగుణంలో మునిగిన ప్రజలను లేపలేని ముక్తి తనకు అక్కరలేదని ఉగ్రంగా మాట్లాడారు. మాట్లాడుతుండగానే కంఠం పూడుకుపోయింది, శరీరం వణికింది, కన్నీరు ఉబికింది. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మెల్లగా వెళ్ళి చూచినవారికి ఆయన అర్ధనిమీలిత నేత్రాలతో ధ్యానంలో కూర్చుని కనిపించారు. చాలాసేపటికి బయటికి వచ్చి శాంతంగా మాట్లాడారు. శంకరులు చెప్పిన ‘పుట్టిన వికారపు ఉపశమనం’ అన్న మాటకు ఇంతకంటె ప్రత్యక్ష వ్యాఖ్యానం చరిత్రలో దొరకడం కష్టం. ఆయన కోపాన్ని కప్పిపుచ్చలేదు, సమర్థించుకోనూ లేదు. దానిని తీసుకొని ధ్యానాసనం మీదికి వెళ్ళారు.

ఆ సంవత్సరాలలో ఆయన ఉత్తరాలు చదివేవారికి ఒక విషయం వెంటనే స్ఫురిస్తుంది. ఒక పనికై వచ్చిన ధనాన్ని ఆకలితో చావవలసి వచ్చినా మరొక పనికి వినియోగించరాదని, ప్రతి పైసకూ లెక్క ఉండాలని బ్రహ్మానందస్వామికి పదే పదే వ్రాశారు. ముర్షిదాబాదు జిల్లా మహులాలో అఖండానందస్వామి క్షామబాధితుల సేవ ప్రారంభించినప్పుడు ఉప్పొంగిపోయి, మిగిలినవారు ఎందుకు కదలడం లేదని మందలించారు. ప్రశంస ఎంత ధారాళమో తిట్టు అంత ధారాళం. ఆ తిట్లు తిన్నవారు సామాన్యులు కారు. బ్రహ్మానందులను రామకృష్ణ పరమహంస తన మానసపుత్రునిగా భావించారు. అట్టి మహాత్ముని జమాఖర్చుల ఆలస్యానికి నిలదీయవలసి రావడం వివేకానందులకు కూడా సుఖమైన పని కాదు.

వీరిద్దరి మధ్య జరిగిన ఒక ఘటనను విజ్ఞానానందస్వామి తరువాతి కాలంలో తమ స్మృతులలో చెప్పేవారు. విజ్ఞానానందులు పూర్వాశ్రమంలో ప్రభుత్వ ఇంజనీరు. బేలూరులో గంగ ఒడ్డున కట్ట, స్నానఘట్టం నిర్మించవలసి వచ్చినప్పుడు వ్యయపు అంచనా వేసినవారు ఆయనే. వివేకానందులు ఎక్కువ ఖర్చుకు ఒప్పుకోరన్న భయంతో అంచనా తక్కువగా చెప్పబడింది. పని సాగినకొద్దీ ఖర్చు అంచనాను మించిపోయింది. నిర్మాణమన్నది ఎరిగిన వారెవరికైనా ఇది కొత్త కథ కాదు. లెక్క అడిగినప్పుడు వివేకానందుల ఆగ్రహమంతా బ్రహ్మానందులపై కురిసింది. తప్పు అంచనా వేసినవారు వేరొకరైనా బ్రహ్మానందులు ఆ మాట ఎత్తలేదు. తన గదికి వెళ్ళి తలుపులు, కిటికీలు మూసుకున్నారు. కొంతసేపటికి వివేకానందుల మనస్సు కలత చెందింది. రాజా ఏం చేస్తున్నాడో చూచి రమ్మని విజ్ఞానానందులను పంపారు. బ్రహ్మానందులు పడకపై వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఆ మాట విన్న మరుక్షణం వివేకానందులు పరుగున వెళ్ళి ఆయనను కౌగిలించుకొని, తానూ ఏడుస్తూ క్షమాపణ వేడుకున్నారు. గురుదేవుడు అంతగా ప్రేమించిన నిన్ను ఇన్ని మాటలన్నానే అని ఆయన విలపిస్తుంటే, చివరికి బ్రహ్మానందులే ఆయనను ఊరడించవలసి వచ్చింది.

భక్తులు ఈ ఘటనను సాధారణంగా సోదరప్రేమకు దృష్టాంతంగా చెప్పుకుంటారు. అది నిజమే. కానీ దానిలోని మరొక పార్శ్వాన్ని దాటవేయడం న్యాయం కాదు. అధిపతి కోపానికి జంకి సహచరులు సత్యమైన అంచనాను చెప్పలేకపోయారు. చెప్పని సత్యమే తరువాత మరింత కోపానికి కారణమైంది. ఈ చక్రంలో దుష్టుడెవరూ లేడు. అందరూ మహాపురుషులే, అందరి లక్ష్యమూ ఒకటే. అయినా చక్రం తిరిగింది. కౌగిలింత ఆ నాటి గాయాన్ని మాన్పింది. కట్ట ఖర్చు మాత్రం అలాగే ఉంది.

ఇదే మఠంలో, ఇదే వివేకానందుల సమక్షంలో, ఎంత రెచ్చగొట్టినా కోపం రాని ఒక వ్యక్తి ఉండేవారు. శరచ్చంద్ర చక్రవర్తి, సన్న్యాస నామం స్వామి శారదానంద. 1865 డిసెంబరు 23న కలకత్తాలో జన్మించారు. వైద్యకళాశాలలో చేరి, గురుదేవుని సేవకై చదువు విడిచారు. ఆయన రక్తం చేపరక్తమని, ఎన్నటికీ వేడెక్కదని వివేకానందులు పరిహాసం చేసేవారు. ఆ పరిహాసంలో కొంత ఆశ్చర్యమూ కొంత అసూయా ఉన్నట్లు తోస్తుంది. కాశ్మీరు దారిలో గుర్రం బెదిరి బండి లోయవైపు పరుగెత్తినప్పుడు కూడా ఆయన తొణకలేదని సహచరులు చెప్పుకునేవారు. గంగపై తుఫానులో పడవ ఊగిపోతుండగా ఆయన నిశ్చింతగా హుక్కా పీలుస్తూ కూర్చుంటే, తోటి ప్రయాణికుడైన ఒక భక్తుడు భయమూ కోపమూ పట్టలేక ఆ హుక్కాను నదిలోకి విసిరివేశాడట. శారదానందులు నవ్వి ఊరుకున్నారు. ఇక్కడ ఒక వింత గమనించదగినది. ఒకరి అతిశాంతం మరొకరి సహనాన్ని పరీక్షించగలదు. పడవ మునిగిపోతోందని వణికేవానికి పక్కవాని ప్రశాంతత ఊరటగా కాక అవమానంగా తోచింది.

1896లో వివేకానందులు ఆయనను లండనుకు, అక్కడి నుండి అమెరికాకు పంపారు. 1898 ఆరంభంలో ఆయన తిరిగివచ్చారు. 1901లో బేలూరు మఠానికి ధర్మకర్తల వ్యవస్థ ఏర్పడినప్పుడు బ్రహ్మానందులు అధ్యక్షులుగా, శారదానందులు కార్యదర్శిగా నియుక్తులయ్యారు. మరుసటి సంవత్సరం జులై 4న వివేకానందులు దేహం చాలించారు. శారదానందులు 1927లో తమ మరణపర్యంతం, అంటే 26 సంవత్సరాలకు పైగా, అదే పదవిలో ఉన్నారు. కరువులు, వరదలు, అంటువ్యాధుల సేవాకార్యాలు, శాఖల తగవులు, భూముల పత్రాలు, విరాళాల రశీదులు, పిల్లలు సన్న్యసించారని కోపగించిన తల్లిదండ్రులు, ఒకచోట ఇమడలేక మరొకచోటికి బదిలీ కోరే యువసాధువులు, అన్నీ ఆయన ముందుకే వచ్చేవి. కార్యదర్శి పదవికి కీర్తి తక్కువ. అధ్యక్షులు మంత్రదీక్షలిస్తారు, ఉపన్యాసకులకు పూలమాలలు పడతాయి. ఉత్తరానికి జవాబు ఆలస్యమైతే మాత్రం అందరికీ గుర్తుకు వచ్చేది కార్యదర్శి.

ఆయన కార్యాలయం కూడా సామాన్యమైనది కాదు. ‘ఉద్బోధన్’ బెంగాలీ పత్రిక కోసం, అంతకంటె ముఖ్యంగా కలకత్తాలో శారదామాత నివాసం కోసం, బాగ్‌బజారులో ఆయన అప్పుచేసి ఒక ఇల్లు కట్టించారు. 1909 మే నెలలో శ్రీమాత ఆ ఇంట అడుగుపెట్టారు. తీర్చవలసిన అప్పు 11,000 రూపాయలు. దానిని తీర్చడానికై ఆయన గురుదేవుని జీవితచరిత్ర వ్రాయడం ప్రారంభించారు. ‘శ్రీరామకృష్ణ లీలాప్రసంగం’ అనే ఆ మహాగ్రంథం, అవతారతత్త్వాన్ని, సాధనలను, భావసమాధిని శాస్త్రదృష్టితో నిరూపించిన గ్రంథం, ఇంటి అప్పు తీర్చే ప్రయత్నంలో పుట్టిందన్న సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

ఆయన వ్రాసినది ప్రవేశద్వారం పక్కనున్న చిన్న గదిలో. నేలపై పద్మాసనంలో కూర్చుని, ముందొక పొట్టి మేజా పెట్టుకొని వ్రాసేవారు. కింద పత్రికా కార్యాలయపు సందడి. పైన అంతఃపుర సందడి. శారదామాత వెంట ఆమె పుట్టింటి బలగమంతా ఉండేది. మేనకోడలు రాధు, ఆమె అలకలు, అనారోగ్యాలు. రాధు తల్లి సురబాలకు మతి స్థిమితం లేదు, ఎప్పుడు ఎవరిని తిడుతుందో తెలియదు. మరొక మేనకోడలు నళినికి మడి, అంటు విషయంలో తీరని చాదస్తం. వీరందరినీ అదుపులో ఉంచబోయి గొంతెత్తే గోలాప్‌మా కంఠస్వరం వీధిలోకి వినబడేది. ఈ కోలాహలం మధ్య నిర్వికల్పసమాధిని గురించిన వాక్యాలు కాగితంపైకి దిగాయి. ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి ‘మహరాజ్’ అని పిలిచేవారు. కలం ఆగేది. వారి పని ముగిసిన తరువాత వాక్యం ఆగినచోటి నుండి సాగేది.

ఇంటివారి తగవులు తీర్చే బాధ్యత ఆయనకు అంతకు మునుపే అలవాటైంది. 1909 ఆరంభంలో జయరామ్‌బాటిలో శారదామాత తమ్ముళ్ళు ఆస్తి పంపకాలకై కలహించుకుంటూ ఉండగా ఆమె ఆయనకే కబురుపెట్టారు. అన్నదమ్ములు ఒకరి మీదికి ఒకరు ఎగబడుతుంటే ఆయన వారి ఎదుట కూర్చుని, అందరి మాటా విని, పంపకాలు పూర్తిచేయించి, ఆమెను వెంటబెట్టుకొని కలకత్తా చేరారు. సన్న్యాసి ఏ దాయాదుల తగాదాను విడిచి వచ్చాడో, దానినే పరాయి ఇంట తలకెత్తుకోవలసి వచ్చింది. తన భారం మోయగలవాడు శరత్తు ఒక్కడేనని శ్రీమాత అనేవారు. వేయి పడగల వాసుకితో ఆయనను పోల్చి, ఎక్కడ నీరు పడితే అక్కడ గొడుగు పడతాడని మురిసేవారు. ఆయన మాత్రం తనను శ్రీమాత ద్వారపాలకుడనే చెప్పుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆ ద్వారపాలకత్వానికి పరీక్ష వచ్చింది. దూరం నుండి ఎండలో నడిచి వచ్చిన ఒక భక్తుడు శ్రీమాత దర్శనం వెంటనే కావాలన్నాడు. ఆమె అప్పుడే బయటినుండి అలసి వచ్చి విశ్రమిస్తున్నారు. ఇప్పుడు వీలుకాదని శారదానందులు మెట్ల దగ్గర అడ్డు నిలిచారు. అమ్మ మీ ఒక్కరికే అమ్మా అంటూ ఆ భక్తుడు ఆయనను పక్కకు నెట్టి పైకి వెళ్ళిపోయాడు. శారదానందులు స్థూలకాయులు, బలిష్ఠులు. ఆపదలిస్తే ఆపగలిగినవారే. దర్శనానంతరం ఆ భక్తునికి పశ్చాత్తాపం కలిగింది. కిందికి దిగేటప్పుడు ఆయన అక్కడ ఉండకపోతే బాగుండునని కోరుకుంటూ వచ్చాడు. ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు. పాదాలపై పడి క్షమించమన్న వానిని లేవనెత్తి ఆలింగనం చేసుకొని, ఇటువంటి వ్యాకులత లేనిదే అమ్మ దర్శనం లభిస్తుందా అన్నారు. తనను నెట్టిన చేతిలో ఆయన చూచినది అపరాధాన్ని కాదు, ఆర్తిని. శంకరభాష్యంలోని క్షమకు, అంటే వికారం పుట్టకపోవడానికి, మూలం బహుశా ఇక్కడే ఉంది. ఎదుటివాని డిమాండును తన మీద దాడిగా కాక వాని అవసరంగా చూడగలిగినప్పుడు అణచవలసిన కోపమే మిగలదు.

అయితే ఈ క్షమ మెత్తదనమేనా? వనపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో ఇదే విషయమై వాదించింది. నిత్యం క్షమించేవానిని సేవకులు సైతం లెక్కచేయరని, నిత్యం తేజస్సు చూపేవానిని సొంతవారే ద్వేషిస్తారని, రెండింటికీ కాలం తెలుసుకోవాలని ప్రహ్లాదుడు బలికి చెప్పిన మాటను ఆమె ఉదహరించింది. ధర్మరాజు క్షమాపక్షం వహించి బదులిచ్చాడు. ఆ వాదం భారతంలో పూర్తిగా తేలలేదనే చెప్పాలి. శారదానందుల విషయంలో అది 1916 - 17లో ఒక ఆచరణాత్మక ప్రశ్నగా ముందుకు వచ్చింది.

1916 డిసెంబరులో బెంగాలు గవర్నరు లార్డ్ కార్మైకేల్ తన దర్బారు ప్రసంగంలో, విప్లవకారులు రామకృష్ణ మిషన్ వంటి సేవాసంస్థల పేరును అడ్డుపెట్టుకొని యువకులను ఆకర్షిస్తున్నారని ప్రస్తావించాడు. ఆ మాటతో మిషన్ కంపించిపోయింది. పోలీసు నిఘా భయంతో కొందరు భక్తులు రాకపోకలు మానుకున్నారు. అలీపూరు కుట్రకేసులో నిర్దోషిగా విడుదలైన దేవవ్రత బసు, శచీంద్రనాథ సేన్ అప్పటికి సన్న్యాసులై సంఘంలో ఉన్నారు. ఇటువంటివారిని బయటికి పంపితే సంస్థ నిలుస్తుందని హితవు చెప్పినవారు లేకపోలేదు. ఒక పక్క ప్రభుత్వం, ఒక పక్క బెదిరిన శ్రేయోభిలాషులు, మరొక పక్క తనను నమ్మి వచ్చిన యువసాధువులు. శారదానందులు ఎవరినీ పంపలేదు. ఎవరిపైనా గొంతెత్తనూ లేదు. మిషన్ ఆశయాలను, చరిత్రను వివరిస్తూ గవర్నరుకు విజ్ఞాపన సమర్పించారు, అధికారులను కలిశారు, వేచియున్నారు. 1917 మార్చిలో కార్మైకేల్ ఆయనకు వ్రాసిన లేఖలో తన మాటలు మిషన్ సత్కార్యాలకు హాని కలిగించే ఉద్దేశంతో అన్నవి కావని స్పష్టం చేశాడు. వేడెక్కని రక్తం లొంగిపోయే రక్తం కాదని ఆ నాలుగు నెలలు తెలిపాయి. తేజస్సు అంటే ప్రాగల్భ్యమన్న భాష్యవాక్యాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. దానికి ఉగ్రరూపం తప్పనిసరి కాదు.

ఈ చిత్రంలో మూడవ స్వభావం ఒకటి ఉంది. అది దక్షిణదేశానికి చెందినది. శారదానందుల పినతండ్రి కుమారుడు శశిభూషణుడు, స్వామి రామకృష్ణానందులు, 1897లో వివేకానందుల ఆజ్ఞపై మద్రాసు చేరి, సముద్రతీరంలోని ఐస్ హౌస్ భవనంలో మఠం స్థాపించారు. తెలుగు జిల్లాలు అప్పటికి మద్రాసు రాజధానిలో భాగం. తెలుగునాట రామకృష్ణ భావధార ప్రవహించిన తొలి మార్గం అదే. ఆయన ఒక్కరే వండేవారు, పూజ చేసేవారు, నగరమంతా తిరిగి తరగతులు చెప్పేవారు. శ్రోతలు రాని రోజున కూడా నిర్ణీత సమయానికి కూర్చుని తన వ్రతం చెల్లించేవారు. ఆయనది చల్లని రక్తం కాదు. పూజలో చిన్న అశ్రద్ధను సహించలేని నిప్పు. కానీ ఆ నిప్పు ఎక్కువగా ఏ వైపు ఎగసేదో చూడాలి. ఒకనాడు నైవేద్యానికి బియ్యం కూడా లేనప్పుడు ఆయన ఏ చందాదారునీ నిందించలేదు. తలుపు మూసి, నన్ను పరీక్షిస్తున్నావా, సముద్రపు ఇసుక తెచ్చి నీకు నివేదించి దానినే ప్రసాదంగా తింటాను అని గురుదేవునితోనే పోట్లాడారు. కొద్దిసేపటికి ఒక శిష్యుడు నైవేద్య సామగ్రితో గుమ్మంలో నిలిచాడు. మనుష్యులపై కోపగించడానికి కారణాలెన్నో ఉన్నచోట దేవునిపై కోపగించడం భక్తిమార్గంలో ప్రాచీనమైన ఉపాయమే. రామదాసు చరిత్ర వినని తెలుగువారుండరు.

పదునాలుగేళ్ళ ఏకాకి శ్రమకు రామకృష్ణానందుల దేహం క్షయరోగానికి లోనైంది. ఆయనను కలకత్తాకు, శారదానందుల ఉద్బోధన్ గృహానికే తీసుకువచ్చారు. 1911 ఆగస్టు 21న అక్కడే ఆయన శరీరం విడిచారు. మండిపోయిన అన్న చివరికి చల్లని తమ్ముని ఇంట విశ్రమించాడని ఎవరైనా అంటే అది కేవలం కవిత్వం కాదు. మఠంలో ఎక్కడా ఇమడలేనివారు, రోగులు, ఇతరులు భరించలేక పంపివేసినవారు కూడా ఆ ఇంటికే చేరేవారు. కష్టమైన మనిషికి చివరి చిరునామాగా ఉండడం కార్యదర్శి విధుల పట్టికలో ఎక్కడా వ్రాయబడి ఉండదు.

ఆ ఓర్పుకు మూల్యం లేకపోలేదు. 1920 జులైలో శారదామాత, 1922 ఏప్రిల్‌లో బ్రహ్మానందులు వెళ్ళిపోయారు. లీలాప్రసంగం ఐదు భాగాలతో ఆగిపోయింది. గురుదేవుని కాశీపూరు అంత్యలీల అందులో చేరలేదు. పూర్తిచేయమని ఎందరో కోరారు. కలం మళ్ళీ కదలలేదు. ప్రతి పిలుపుకూ ఆగి, ప్రతి తగవునూ విన్న ఆ సంవత్సరాలలో ఎన్ని అధ్యాయాలు కరిగిపోయాయో లెక్కించడం ఎవరి తరం? శ్రీమాత స్మృతిగా జయరామ్‌బాటిలో మందిరం కట్టించి 1923లో ప్రతిష్ఠ జరిపించడం ఆయన తరువాతి సంవత్సరాల ప్రధాన కార్యం.

1926 ఏప్రిల్‌లో బేలూరులో సంఘపు తొలి మహాసమ్మేళనం జరిగింది. దేశవిదేశాల శాఖల సాధువులు సమావేశమయ్యారు. కార్యదర్శిగా ప్రసంగిస్తూ శారదానందులు, ఏ నూతన ఉద్యమమైనా మొదట వ్యతిరేకతను, తరువాత ఉపేక్షను, చివరికి ఆమోదాన్ని చూస్తుందని చెప్పి, మూడవ దశలోని ప్రమాదం గురించే ఎక్కువగా హెచ్చరించారు. అందరూ మెచ్చుకునే కాలంలోనే శైథిల్యం ప్రవేశిస్తుందన్నది ఆయన ఆందోళన. వ్యతిరేకతను ఓర్చుకున్న సంఘం ప్రశంసను ఓర్చుకోగలదా అన్న ఈ ప్రశ్న పాతికేళ్ళు ఒకే బల్ల ముందు కూర్చున్నవానికే తోచగలది. ఆ సమ్మేళనంలోనే దైనందిన నిర్వహణకై ఒక కార్యవర్గం ఏర్పడింది. నిత్యకార్యభారం యువతరం చేతికి అందింది.

ఆ తరువాత ఆయన జపధ్యానాలకు ఎక్కువ సమయం కేటాయించారు. ఉదయం ధ్యానానికి కూర్చుంటే మధ్యాహ్నం వరకు లేచేవారు కారు. 1927 ఆగస్టు 6న పక్షవాతం సోకింది. ఆగస్టు 19 తెల్లవారుజామున అదే ఉద్బోధన్ గృహంలో, శ్రీమాత నివసించిన గదికి కింద, ఆయన దేహయాత్ర ముగిసింది. ద్వారం పక్కనున్న ఆ చిన్న గది నేటికీ ఉంది. బాగ్‌బజారు వెళ్ళిన యాత్రికులు మెట్లెక్కేముందు దానికి నమస్కరించి పైకి వెళ్తారు.